కదలని బాణం

ఫింటన్ లావరీ యంత్రాన్ని కొట్టగా ఎవరూ చూడలేదు. మనిషిని కొట్టగా మాత్రం వీధి వీధంతా చూసింది. టీవీలో బొమ్మ ఎగిరితే దాని నెత్తిన రెండు పీకే ఊరు మాది. అలాంటి చోట, పారేసిన లాప్‌టాప్‌ను కూడా పసిపిల్ల చొక్కా విప్పినంత నెమ్మదిగా విప్పే ఈ మనిషే ముప్పై ఏళ్ల కిందట స్పానరు పెట్టి కార్మక్ టోనర్ ఎడమ కన్ను పోగొట్టాడంటే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. పాతవాళ్లకు నమ్మకాలతో పనిలేదు, కళ్లారా చూశారు. అతనికి టీ అందించేటప్పుడు ఇప్పటికీ ఒక అడుగు ఎడంగానే నిలబడతారు.

బెల్‌ఫాస్ట్ పడమటి వైపున గ్లెన్‌కార్ వీధి చివర ఒకప్పుడు లాండ్రీ ఉండేది. ఇప్పుడది అందరి హాలు. ముందు గదిలో డోలర్స్ అనే ఆవిడ టీ కాస్తుంది, బంగాళాదుంప రొట్టె కాలుస్తుంది, ఊళ్లో వాళ్లందరి గుట్టూ వేయిస్తుంది. వెనక గదిలో మంగళవారం, గురువారం ఫింటన్ కూర్చుంటాడు. జనం చచ్చిందని పారేసిన లాప్‌టాప్‌లలో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి మళ్లీ లేపుతాడు. పెన్నీ పుచ్చుకోడు, పౌండూ పుచ్చుకోడు. 'థాంక్స్' అంటే మొహం చిట్లిస్తాడు.

లినక్స్ అంటే అతనికి ఎందుకంత పిచ్చో నేను చెబుతాను. జైల్లో ఉన్నప్పుడు నేర్చుకున్నాడు. అది ఎవడి సొత్తూ కాదు, ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసుకున్నది. లోపల ఏముందో ఎవడైనా చూడొచ్చు. ఏ ముక్క ఎవడు మార్చాడో, ఏ రోజు మార్చాడో, పేరుతో సహా రాసి ఉంటుంది. ఆ సంగతి తెలిసిన రోజు జైలు గదిలో ఫింటన్ ఏడ్చాడట. ఎందుకేడవడు? తన బతుకును ఎవడు మార్చాడో మాత్రం ఎక్కడా రాసి లేదు. తన పేరు ఎవడు చెప్పాడు? పదిహేడో ఏట నుంచి నలభై ఎనిమిదో ఏట దాకా అతని గుండెలో దిగబడి ఉన్న ప్రశ్న అదొక్కటే.

అన్నదమ్ములిద్దరూ కార్ల దొంగలు. అమ్ముకోవడానికి కాదు, వట్టి సరదాకి. సందుల్లో టైర్లు కాల్చుకుంటూ తిప్పడం, తెల్లారేసరికి ఎక్కడో వదిలెయ్యడం. పెద్దాడు యూనన్‌కు పంతొమ్మిదేళ్లు. తొంభై రెండు చలికాలంలో దొంగ కారుతో వెళ్లి బడి గోడకు గుద్దాడు. రేకు కోసి తీశారు. శవపేటిక మూత తెరవనివ్వలేదు. తమ్ముడికి బుద్ధి రావాలి కదా? నలభై రోజులు తిరక్కుండా ఫింటన్ మళ్లీ కారెక్కాడు. పక్క సీట్లో కార్మక్ టోనర్. ఇద్దరూ ఒకే ఈడు, ఒకే బడి, ఒకే సిగరెట్టు చెరో దమ్ము.

ఆ రోజుల్లో మా వీధుల్లోకి పోలీసులు వచ్చేవారు కారు, వచ్చినా ఎవరూ తలుపు తీసేవారు కారు. ఏదున్నా ప్రభుత్వం మీద తుపాకులు పట్టిన కుర్రాళ్లే తేల్చేవారు. దొంగతనానికి శిక్ష మోకాల్లో గుండు. ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా సందు అని ఇంటికి కబురొచ్చేది. వెళ్తే ఒక మోకాలు. వెళ్లకపోతే రెండు మోకాళ్లూ, రెండు మోచేతులూ. పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినట్టు తల్లులే పిల్లల్ని తీసుకెళ్లేవారు. ఇప్పుడు చెబితే విన్నవాళ్లు నోరు వెళ్లబెడతారు. అప్పుడు మాకేం వింతగా ఉండేది కాదు.

తొంభై మూడు జూన్‌లో, సాయంత్రం ఏడింటికి, బొగ్గుల గోదాం వెనక సందుకి రమ్మని ఫింటన్‌కి కబురొచ్చింది. ఎండ ఇంకా గోడల మీదే ఉంది. తల్లి బ్రైడీ అతనికి అన్న యూనన్ పాత ప్యాంటు తొడిగింది, రెండు నొప్పి మాత్రలు మింగించింది, సగం గ్లాసు విస్కీ తాగించింది. చెయ్యి పట్టుకుని సందు మొదటి దాకా తీసుకెళ్లి వదిలింది. లోపల ముసుగువాళ్లు ఇద్దరు. బోర్లా పడుకోమన్నారు. ఒకడు వంగి మోకాలి వెనక కుడిచేత్తో తడిమి చూశాడు, ఎముక ఎక్కడుందో వెతుక్కున్నట్టు. ఒక్క గుండు. మోకాలి పక్క మాంసం చీల్చుకుని రాళ్లలోకి పోయింది. అంబులెన్సు ముందే పిలిచి ఉంచారు. "అదృష్టవంతుడివి. ఎవడో పనితెలిసినవాడు కొట్టాడు" అన్నాడు ఆస్పత్రి డాక్టరు. అదృష్టమట! ఆ మాటకి ఫింటన్ డాక్టరు మొహాన ఉమ్మేశాడు.

కార్మక్‌కి మాత్రం కబురు రాలేదు. కారులో ఉన్నది ఇద్దరు, కాలు పోయింది ఒకడికి. ఇంక వేరే లెక్క ఎందుకు? మంచాన పడుకున్న ఎనిమిది నెలలూ ఫింటన్ అదే నమిలాడు. చంకకర్రలు వదిలిన రోజే తిన్నగా వెళ్లి, వాకిట్లో సైకిలు బాగుచేసుకుంటున్న కార్మక్‌ని పట్టుకున్నాడు. సైకిలు పక్కనున్న స్పానరే తీసుకున్నాడు. పక్కటెముకలు మూడు, దవడ, ఎడమ కన్ను. అడ్డమొచ్చిన కార్మక్ నాన్నకి ముందు పళ్లు. బ్రైడీ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి కొడుకు వీపు మీద పడితే, ఎవరో చూసుకోకుండా ఆవిణ్ణి కూడా విదిలించి గోడకు కొట్టాడు. నలుగురు కలిస్తే గాని లొంగలేదు.

మూడేళ్లు జైలు. తిరిగొచ్చాక మళ్లీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఉద్యోగం చేశాడు, మానాడు. పెళ్లి జోలికి పోలేదు. తల్లి మంచాన పడితే ఆరేళ్లు సూపు తాగించాడు, దుప్పట్లు ఉతికాడు, జుట్టు దువ్వాడు. నాలుగేళ్ల కిందట పోయింది. "కొడుకంటే వాడే" అన్నారు జనం. కార్మక్ అయిదిళ్ల అవతలే ఉంటాడు. ఇద్దరిలో ఎవరు ఎదురొచ్చినా రెండోవాడు రోడ్డు దాటి అవతలికి పోతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు.

ఇక ఆ మంగళవారం సంగతి. మధ్యాహ్నం రెండింటికి ఫెలిక్స్ డ్రేన్ వచ్చాడు. డెబ్బై అయిదేళ్ల ముసలాయన, ఊరి అవతలి పేటనుంచి వచ్చి, వృద్ధుల ఫ్లాట్లలో కొత్తగా దిగాడు. చంకలో లాప్‌టాప్. అదే లాప్‌టాప్‌తో రావడం మూడోసారి.

"మళ్లీ చచ్చింది" అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

"ఏం చచ్చింది?" అన్నాడు ఫింటన్ తలెత్తకుండా.

"మౌసయ్యా! బాణం గుర్తు ఉంటుంది, కదలదు. నీ దగ్గర బుద్ధిమంతుడు, నా ఇంటికొచ్చాక మొండిఘటం. శనివారం పావురాల పందెం ఫలితాలు చూద్దామని కూర్చుంటే గంటసేపు చావగొట్టింది. నా నీలిరెక్కల పిట్ట గెలిచిందో లేదో పక్కింటివాణ్ణి అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా?"

ముందు గదిలోంచి డోలర్స్ అరిచింది. "గెలిచిందా మరి?"

"పదకొండో స్థానం."

"అయితే చూడకపోవడమే మేలు!"

ఫింటన్ నవ్వలేదు. అతనికి మంటగా ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు అడుగు మూత విప్పి టచ్‌ప్యాడ్ తీగ ఊడిందేమో చూశాడు, తీసి మళ్లీ బిగించాడు. కీబోర్డు పై వరసలో టచ్‌ప్యాడ్‌ను ఆపే మీట ఒకటి ఉంటుంది, అది పొరపాటున నొక్కాడేమో అని అదీ చూశాడు. రెండోసారి టచ్‌ప్యాడ్‌ను నడిపే డ్రైవరును దింపి మళ్లీ ఎక్కించాడు, లినక్స్‌నే కొత్తది వేశాడు. రెండుసార్లూ తన వేలి కింద బాణం చేపపిల్లలా ఈదింది. పోనీ అని విడిగా తగిలించుకునే మౌసు ఒకటిస్తే ముసలాయన మర్నాడే తెచ్చి పారేశాడు. "ఇది నాకొద్దు, కప్పలా గెంతుతోంది" అన్నాడు.

"దీని మీద ఏం పోస్తున్నారు మీరు? నిజం చెప్పండి. టీయా, బీరా?"

"ఒరేయ్ అబ్బాయ్, బీరు పారబోసేవాడిలా కనిపిస్తున్నానా నీకు?"

"కనిపించేది నాకొద్దు. ఇక్కడ కూర్చోండి. ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. నేను ముట్టుకోను."

ఫింటన్ స్క్రీన్ మీద ఒక పక్కన నల్లటి కిటికీ ఒకటి తెరిచి ఆదేశం కొట్టాడు. లాప్‌టాప్‌కు ఏ వేలు తగిలినా, ఏ మీట నొక్కినా, ఆ కిటికీలో ఒక వరస పడుతుంది. ముందు తన వేలుతో రాసి చూపించాడు. వేలు కదిలింది, వేలు కదిలింది, వేలు లేచింది. అన్నీ సక్రమంగా పడ్డాయి. తర్వాత కుర్చీ వెనక్కి లాక్కుని చేతులు కట్టుకున్నాడు.

ముసలాయన ముందుకు వంగాడు. ఎడమ చెయ్యి అలవాటుగా మీటల మీద ఆన్చాడు. కుడి చూపుడువేలు టచ్‌ప్యాడ్ మీద పెట్టి లాగాడు. బాణం ఉలకలేదు, పలకలేదు.

"చూశావా! చూశావా దొంగముండను!"

ఫింటన్ బాణాన్ని చూడటం లేదు. నల్ల కిటికీని చూస్తున్నాడు. మీట, మీట, మీట, మీట. గోడకు నీళ్లు కారినట్టు వరసలు కారిపోతున్నాయి. వేలి ఊసే లేదు. కిటికీలోంచి చూపు తీసి ముసలాయన ఎడమ చేతి మీద పెట్టాడు. ఆ చెయ్యి వణుకుతోంది. చిటికెన వేలు ఎడమ చివరి అక్షరం మీద సెకనుకి నాలుగైదుసార్లు కొట్టుకుంటోంది.

మూడు వారాల కోపం ఒక్కసారి దిగిపోయింది. ఎక్కడా ఏ తప్పూ లేదు. టైపు చేసేటప్పుడు అరచెయ్యి తగిలి బాణం ఎటో పరుగెత్తకుండా, మీటలు నొక్కుతున్నంతసేపూ టచ్‌ప్యాడ్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు ఒకటి లినక్స్‌లో ఉంటుంది. రాసినవాళ్లు మంచికే రాశారు. పాపం ఆ యంత్రం ముసలాయన విడవకుండా టైపు చేస్తున్నాడనుకుంది, మర్యాదగా నిద్రపోయింది.

"ఎడమ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకోండి" అన్నాడు ఫింటన్.

పెట్టుకున్నాడు. బాణం పరుగెత్తింది.

"ఓరి దీని దుంపతెగ!"

"మళ్లీ మీటల మీద పెట్టండి. ఈసారి కదలకుండా పెట్టండి."

ముసలాయన పెట్టాడు. పళ్లు బిగించాడు. కణత మీద నరం లేచింది. చెయ్యి ఇంకా ఎక్కువగా కొట్టుకుంది. అయిదు నిమిషాల కిందటి హుషారంతా పోయి మొహం ఎర్రబడింది.

"వణుకుడు జబ్బు. రెండేళ్లయింది" అన్నాడు మెల్లగా. తర్వాత, అభిమానం పొడుచుకొచ్చి కాబోలు, మెడ నిక్కించాడు. "నన్ను చూసి జాలిపడకు అబ్బాయ్. ఒకప్పుడు ఈ ఎడమ చేతికి సాటొచ్చే చెయ్యి ఈ ఊళ్లో లేదు. రాయిలా నిలబడేది. తల్లులు అడిగి మరీ పిలిపించుకునేవారు."

"ఏం పనికి?"

ముసలాయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నీ ఈడువాడికి తెలీకుండా ఉంటుందా ఏం పనో? తక్కినవాళ్లు మోకాలిచిప్ప పచ్చడి చేసేవారు. నేను ఎముక తడిమి చూసుకుని పక్కనుంచి పోనిచ్చేవాణ్ణి. కుర్రాడు ఆర్నెల్లకి బంతి ఆడుకునేవాడు. మా పేట నుంచి మీ పేటకి అందుకే పంపేవారు నన్ను. 'ఎడమచేతివాణ్ణే పంపండి' అని అడిగేవాళ్లు ఆడవాళ్లు. ఎవడి పనితనం వాడిది కదా."

ఫింటన్ లేచి వెళ్లి తలుపు మూశాడు. గడియ పెట్టాడు. కుంటి కాలు నేలకు రాసుకుంటున్న చప్పుడు అతనికే వినపడింది. మోకాలి వెనక తడిమిన కుడి చెయ్యి ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది, ఇప్పుడు మళ్లీ తగిలింది. కుడిచేత్తో తడిమాడంటే తుపాకి ఎడమ చేతిలో ఉంది మరి! ఇంతకాలం ఇంతమాత్రం తట్టలేదేం తనకి?

"తొంభై మూడు జూన్" అన్నాడు. "బొగ్గుల గోదాం వెనక సందు."

ముసలాయన మొహం వెలిగింది. పాత పందెం గుర్తొచ్చినవాడిలా వేలు ఆడించాడు. "తువ్వాళ్లావిడ! ఆవిడ కొడుకు. సందు మొదట్లో రెండు తెల్ల తువ్వాళ్లు పట్టుకు నిలబడింది. మర్చిపోతానా ఆవిణ్ణి..."

ఆ మాట పూర్తికాలేదు. ఫింటన్ అతని ఎడమ మణికట్టు పట్టుకుని బల్లకేసి అదిమాడు. లాప్‌టాప్ జారి కుర్చీలో పడింది. రెండో చేతికి సుత్తి దొరికింది. పాత పెట్టెల మేకులు పీకే సుత్తి అది, ఏ లాప్‌టాప్ మీదా వాడలేదు.

"ఆ కొడుకుని నేనే. నా పేరు ఎవడు చెప్పాడు?"

ముసలాయన కళ్లు పెద్దవయ్యాయి. అరవలేదు. ఆ తరం వాళ్లు అరవరు. "నువ్వా" అన్నాడు.

"ఎవడు చెప్పాడు?"

"నాయనా, ముందు చెయ్యి వదులు..."

సుత్తి దిగింది. బల్ల చెక్క లేచి ముసలాయన చెంప చీరింది. రెండోసారి దిగింది. ఈసారి బల్లకు తగల్లేదు. చిటికెన వేలు నడిమి కణుపు దగ్గర చితికి గోరు పక్కకు తిరిగిపోయింది. రక్తం ఫింటన్ చొక్కా కఫ్ మీద చిమ్మింది. ముసలాయన గొంతులోంచి కుక్క మూలిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ వేలు అప్పటికీ ఆగలేదు, చితికినా వణుకుతూనే ఉంది.

బయట డోలర్స్ తలుపు బాదుతోంది. "ఏమయిందిరా? ఫింటన్! తలుపు తియ్యరా, నీ తల్లి మీద ఒట్టు!"

"కార్మక్ టోనరే కదా?" ఫింటన్ సుత్తి మళ్లీ ఎత్తాడు. "చెప్పు! కార్మకే కదా చెప్పింది?"

"కార్మక్ ఎవడు?" అన్నాడు ముసలాయన.

ఫింటన్ చేతిలో సుత్తి గాల్లోనే ఉండిపోయింది.

"ఎవడూ చెప్పలేదురా నీ పేరు. చెప్పడానికి మాకు తీరికెక్కడిది? ఈ పేటలో కార్లెత్తేవాళ్లు యాభై మంది ఉండేవారు. ఆవిడే వచ్చింది, మీ అమ్మ. మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు తిట్టి పంపేశాం, నీ కొడుకుని నువ్వే అదుపులో పెట్టుకోమని. మూడోసారి వచ్చి వెళ్లనంది. 'పెద్దాణ్ణి రేకు కోసి తీశారు, మొహం కూడా చూడనివ్వలేదు. చిన్నాడు నిన్న మళ్లీ కారు తెచ్చాడు. ఒక్క కాలు తీసుకోండి, మంచాన పడి ఉంటే బతికుంటాడు' అంది. ఎముక పోకుండా కొట్టేవాడెవడని అడిగింది. నన్ను చూపించారు. నా చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో చేపను చూసినట్టు. వణుకుతుందేమోనని చూసింది. వణకలేదప్పుడు."

ఫింటన్ మణికట్టు వదిలేశాడు. గోడకానుకుని నిలబడ్డాడు. ప్యాంటు తొడిగిన చేతులు, మాత్రలిచ్చిన చేతులు, విస్కీ గ్లాసు పెదాలకానించి 'మొత్తం తాగు, మొత్తం తాగు' అన్న చేతులు. అన్నీ తెలిసే చేసిందా! జైలుకి నెల నెలా వచ్చి గంటసేపు మాట్లాడకుండా కూర్చునేది. సిగ్గుపడుతోందనుకున్నాడు. ఆరేళ్లు సూపు తాగించాడు. ఒక్కరోజు, ఒక్కపూట నోరు విప్పలేదే!

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. దానికోసం వెతుక్కున్నాడు కూడా, చిత్రంగా. వంగి కుర్చీలోంచి లాప్‌టాప్ తీశాడు. అలవాటు పడ్డ చేతులు వాటంతటవే సెట్టింగుల్లోకి వెళ్లి టైపు చేస్తుండగా టచ్‌ప్యాడ్ ఆపే గడిలో టిక్కు తీసేశాయి. లాప్‌టాప్‌ను ముసలాయన ముందు పెట్టాడు. "ఇంక ఆగదు. వణికినా నడుస్తుంది" అన్నాడు. తర్వాత గడియ తీశాడు.

డోలర్స్ దూసుకొచ్చింది. బల్ల మీద రక్తం చూసింది, సుత్తి చూసింది, ముసలాయన వేలు చూసింది.

"సొరుగులో పడి నలిగింది తల్లీ" అన్నాడు ఫెలిక్స్ డ్రేన్, వేలిని చొక్కా అంచులో చుట్టుకుంటూ. మొహం సున్నంలా పాలిపోయింది. "నాదే తప్పు. చూసుకోలేదు."

"ఏ సొరుగు? ఈ బల్లకి సొరుగే లేదు!"

"ఉందిలే" అన్నాడు. మా ఊళ్లో ఆ మాట తర్వాత ఎవరూ ఇంకేం అడగరు. డోలర్స్ కూడా అడగలేదు. వాళ్లు ఆస్పత్రికి కారు పిలుస్తుండగా ఫింటన్ బయటికి నడిచాడు.

వాన తుంపర పడుతోంది. కోటు మర్చిపోయాడు. తన ఇల్లు దాటాడు, అయిదిళ్లు లెక్కపెట్టుకున్నట్టు దాటాడు, ముప్పై ఏళ్లుగా కాలు పెట్టని వాకిట్లో నిలబడ్డాడు. తలుపు కొట్టాడు. లోపల రేడియోలో ఫుట్‌బాల్ మాటలు ఆగాయి.

కార్మక్ టోనర్ తలుపు తీశాడు. ఎదురుగా ఎవరున్నారో చూడగానే మోచెయ్యి దానంతటదే లేచి మొహానికి అడ్డం వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత, నలభై ఎనిమిదేళ్ల మగాడు, తన ఇంటి గుమ్మంలో. ఒక క్షణానికి తెలివి తెచ్చుకుని చెయ్యి దించాడు. గాజు కన్ను ఒకవైపు, నిజం కన్ను ఒకవైపు చూస్తున్నాయి.

"ఏం కావాలి నీకు?"

"నువ్వు కాదు" అన్నాడు ఫింటన్. "నా పేరు చెప్పింది నువ్వు కాదు."

"ఆ రోజే చెప్పాను కదరా. నువ్వు కొడుతున్నంతసేపూ అదే చెప్పాను. దవడ విరిగేదాకా చెప్పాను. ఆ తర్వాత చెప్పలేకపోయాను."

"మా అమ్మ..."

"తెలుసు."

ఫింటన్ తల పైకెత్తాడు.

"నువ్వు జైలుకెళ్లిన వారానికి వచ్చింది. కంటికి కట్టు ఇంకా విప్పలేదు నాకు. ఇదిగో, నువ్వు నిలబడ్డ చోటే మోకాళ్ల మీద కూలబడింది. అంతా చెప్పింది. మా నాన్న ఆవిణ్ణి కొట్టబోయాడు, నేనే ఆపాను. 'వాడికి మాత్రం చెప్పొద్దు' అని నా కాళ్లు పట్టుకుంది. సరేనన్నాను."

"ఎందుకురా?" అన్నాడు ఫింటన్. "నీ కన్ను పోయింది! ఊరంతా నిన్ను చాడీలకోరు అంది! ఒక్క మాట చెబితే సరిపోయేదానికి ముప్పై ఏళ్లు... ఆవిడ పోయాకైనా చెప్పొచ్చు కదా! నువ్వెందుకు మొయ్యాలిరా దాన్ని?"

కార్మక్ నిజం కన్ను కిందికి దిగి ఫింటన్ చొక్కా చేతి మీద ఆగింది. వానకు తడిసి ఎరుపు మోచేతి దాకా పాకింది.

"ఆ రక్తం ఎవరిది?"

ఫింటన్ చెయ్యి వెనక దాచుకోబోయాడు.

"ఇవాళ ఎవర్ని కొట్టావని అడుగుతున్నా."

"ఒక ముసలాయన్ని."

"ఎందుకు?"

"ఎవరు చెప్పారో తెలుసుకోవాలని..."

కార్మక్ తలాడించాడు, ముందే తెలిసిన సంగతి విన్నట్టు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఆ రోజు వీధిలో నువ్వు ఆవిణ్ణి గోడకు విసిరి కొట్టావు. నీకు గుర్తుందో లేదో. లేచి వచ్చి మళ్లీ నీ వీపు మీద పడింది. అప్పుడు నువ్వు వెనక్కి తిరిగి స్పానరు ఎత్తావు. అమ్మ అని గుర్తుపట్టి దించావు. ఆవిడ మాత్రం చూసింది. ఎందుకు చెప్పలేదని అడుగుతున్నావు కదా. ఆవిడకి నువ్వంటే భయంరా ఫింటన్. చచ్చేదాకా భయమే. నువ్వు సూపు తాగిస్తుంటే కూడా భయమే. రోడ్డు అవతల నడుస్తూ మీ కిటికీలోంచి చూసేవాణ్ణి, నువ్వు స్పూను ఎత్తినప్పుడల్లా ఆవిడ కళ్లు మూసుకునేది."

అబద్ధం అందామని ఫింటన్ నోరు తెరిచాడు. ఆవిడ కళ్లు మూసుకోవడం అతనికీ తెలుసు. రోజుకి మూడు పూటలా ఆరేళ్లు చూశాడు. వేడి తగులుతోందేమోనని ఊది ఊది పట్టేవాడు.

కార్మక్ తలుపు మెల్లగా వేసుకున్నాడు. లోపల గొలుసు తగిలించిన చప్పుడు వినిపించింది.